పగటిపూట హెడ్‌లైట్లు

2022 ఎండాకాలం. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద మా ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు. పైన రేకులు కాబట్టి మే నెలలో బ్యాటరీల కంటే ముందు మెకానిక్కే డిశ్చార్జ్ అవుతాడు. నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ నాలుగేళ్ళు చదివి, ఉద్యోగం కోసం రెండేళ్ళు వెతికి, చివరికి మా నాన్న ఏ చదువూ లేకుండా ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనిలోనే చేరాను. మా ఇంట్లో దీన్ని ఉన్నత విద్య అంటారు.

చదువు వల్ల ఒక తేడా మాత్రం వచ్చింది. మా రోడ్డులో మిగతావాళ్ళు వైరుకి వైరు తగిలించి, నిప్పురవ్వ చూసి కరెంటు సంగతి చెబుతారు. నేను మల్టీమీటర్ పెడతాను. మీటరు అంకె చూపిస్తుంది. అంకె చూపించాక ఎదుటి మనిషి ఇంక మాట్లాడడు. ఆ సుఖానికి నేను కొంచెం ఎక్కువే అలవాటు పడ్డాను.

ఈపూరు కోటేశ్వరరావు గారు ఆ ఏడు మార్చిలో మొదటిసారి వచ్చారు. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి. డాక్టరు కాదు, కానీ గొర్రెల కాపరులందరికీ ఆయనే డాక్టరు. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను ఇంజినీరూ అనేవాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో కొలిచే మీటరు నా దగ్గర లేదు.

ఆయన కొత్త పికప్ ట్రక్కు కొని, వెనక తొట్టి మీద చిన్న గది కట్టించుకున్నాడు. బయటి దేశాల్లో ఇలాంటి బండిని క్యాంపర్ అంటారట, సరస్సుల పక్కన ఆపుకుని చేపలు పడతారట. ఈయన దాన్ని కారంపూడి, మాచర్ల పక్క మెట్ట చేల మధ్య ఆపేవాడు. మా వైపు పైరు కోసేశాక రైతులు గొర్రెల మందని పిలిపించి పొలంలో పడుకోబెట్టించుకుంటారు, ఎరువు కోసం. మంద కట్టడం అంటాం. ఇవాళ ఒక చేలో, నాలుగు రోజులకి ఇంకో ఊళ్ళో. ప్రభుత్వం వాళ్ళు ఊరికొచ్చి టీకాలు వేసే రోజున ఆ మంద ఊళ్ళో ఉండదు. అలా తప్పిపోయిన మందల్ని వెతుక్కుంటూ వెళ్ళి పారుడు రోగానికి టీకా వెయ్యడం కోటేశ్వరరావు గారి రిటైర్మెంట్ ప్లాను. పారుడు అంటే గొర్రెలకి జ్వరం, నోట్లో పుండ్లు, విరేచనాలు. మందలో ఒకదానికి వచ్చిందంటే మిగతావి వంతులు వేసుకుంటాయి.

ఆ టీకా మందు చల్లగా ఉండాలి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల లోపు. వేడెక్కితే అందులో పని చేసేది చచ్చిపోతుంది. చచ్చినా సీసా రంగు మారదు, వాసన రాదు. అందుకే బండిలో బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్ పెట్టించాడు. దాన్ని వాళ్ళు డబ్బా అనేవాళ్ళు. డబ్బాకి కాపలా ఆయన భార్య ఆదిలక్ష్మి గారు. ఆవిడ బండిలోనే వండి, బండిలోనే పడుకుని, రోజుకి మూడుసార్లు డబ్బాలో థర్మామీటరు చూసి ఒక రూళ్ళ పుస్తకంలో రాసేది. టైము, డిగ్రీలు, పక్కన ఒక ముక్క: "దుర్గి దగ్గర ఆగాం", "మబ్బు పట్టింది", "ఈయనకి దగ్గు". ఇంజినీరింగ్ ల్యాబులో మా బ్యాచ్ మొత్తం కలిసి అంత నిజాయితీగా రీడింగులు రాయలేదు.

ఇక్కడ కొంచెం పని భాష చెప్పాలి. బండి ఇంజిన్ తిరుగుతుంటే బెల్టు మీద ఆల్టర్నేటర్ తిరిగి కరెంటు పుట్టిస్తుంది, దాంతో ముందున్న బ్యాటరీ నిండుతుంది. వెనక గదిలో ఫ్రిజ్జుకీ, ఫ్యానుకీ రెండో బ్యాటరీ ఉంటుంది. తాళం తిప్పగానే రిలే అనే స్విచ్చి ఈ రెండింటినీ కలుపుతుంది, ఆపగానే విడదీస్తుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండాలంటే పద్నాలుగు దాకా వోల్టేజి అందాలి. బకెట్ కంటే కుళాయి ఎత్తులో ఉండాలి కదా, అంతే.

వాళ్ళ ఫిర్యాదు ఏమిటంటే రోజంతా బండి నడిపినా రెండో బ్యాటరీ నిండట్లేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఫ్రిజ్ ఆగిపోతోంది, బండి స్టార్ట్ చేస్తే మళ్ళీ నడుస్తోంది. నేను ఇంజిన్ ఆన్ చేయించి మీటరు పెట్టాను. ముందు బ్యాటరీ దగ్గర 14.2. వెనక 13.1. ఒక వోల్టు దారిలో మాయం. గది కట్టినవాళ్ళు ఇంట్లో ఫ్యానుకి వేసేలాంటి సన్న వైరు లాగారు. అంత దూరం అంత సన్న వైరులో వెళ్ళేసరికి వోల్టేజి పడిపోతుంది. లావు వైరు వేశాను. వెనక 14.0 వచ్చింది. ఆయనకి అంకె చూపించాను. ఆయన తల ఊపాడు. బండి వెళ్ళిపోయింది, నేను టీ తాగాను. తప్పు దొరికిందన్న ఆనందంలో, అది ఒక్కటే తప్పా అని అడగడం మర్చిపోయాను.

ఏప్రిల్‌లో మళ్ళీ వచ్చారు. కాస్త మెరుగేగానీ పూర్తిగా తగ్గలేదన్నారు. మళ్ళీ స్టార్ట్ చేయించాను. ముందు 14.2, వెనక 14.0. రెండు నిమిషాలు చూసి ఇంజిన్ ఆపేశాను. మా షెడ్డులో ఏ బండికైనా ఇదే పరీక్ష. స్టార్ట్ చెయ్యి, చూడు, ఆపు. డీజిల్ కస్టమరుది, ఉక్కపోత మనది, ఎక్కువసేపు ఎవరు నడుపుతారు? మనసుకి తృప్తిగా ఉంటుందని రిలే మార్చాను.

అప్పుడు ఆదిలక్ష్మి గారు పుస్తకం పట్టుకుని దగ్గరకొచ్చింది.

"అబ్బాయ్, నాకొకటి అనిపిస్తంది. చెప్తే నవ్వకు."

"నవ్వను పిన్నీ."

"ఈయన లైట్లేసుకుని నడిపిన రోజున డబ్బా మర్నాడు సాయంత్రం దాకా చల్లగానే ఉంటంది. లైట్లెయ్యని రోజున పన్నెండింటికే ఆగిపోతంది. రాశాను, చూడు."

దీని వెనక చిన్న సంగతి ఉంది. కోటేశ్వరరావు గారికి కంటి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి పెద్ద రోడ్డెక్కితే పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వేసేవాడు. నాకు వాళ్ళు కనపడినా కనపడకపోయినా వాళ్ళకి నేను కనపడాలి గదా అనేవాడు. చేల దారుల్లోకి దిగాక ఆపేసేవాడు, ఎదురొచ్చేది గొర్రెలే కాబట్టి.

నేను నవ్వాను. మాట ఇచ్చినవాణ్ణి కాబట్టి కొంచెమే నవ్వాను.

"పిన్నీ, లైట్లు కరెంటు తింటాయి. పెట్టవు."

"నాకు తెలవదు నాయనా. పుస్తకంలో అట్టా వచ్చింది."

పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. రెండు పేజీలు తిప్పాను. దుర్గి, మబ్బు, దగ్గు. తిరిగి ఇచ్చేశాను. తర్వాత కోటేశ్వరరావు గారి వైపు తిరిగి, మా నాన్న, ఆయన గురువు, ఆ గురువు గురువు డైనమోల కాలం నుంచి చెబుతున్న సలహానే ఇంజినీరు గొంతుతో చెప్పాను. బ్యాటరీ నిండకపోతే ముందు లైట్లు ఆపాలి. పగలు హెడ్‌లైట్లు వెయ్యొద్దు బాబాయ్, ఉన్న కరెంటంతా అవే తాగేస్తున్నాయి అన్నాను. పల్నాడులో ఏ మెకానిక్కుని అడిగినా అదే చెప్పేవాడు. మిగతావాళ్ళు చెబితే ఆయన వినేవాడు కాదేమో. నా మీటరుని చూసి విన్నాడు.

మే రెండో వారంలో బాబాయ్ నుంచి ఫోనొచ్చింది. కారంపూడి దగ్గర ఏదో చేలో ఉన్నామన్నాడు. నాగయ్య అనే కాపరి మంద, నూటచిల్లర జీవాలు. టీకా వెయ్యబోతూ డబ్బా తీశారట.

"ఇంజినీరూ, డబ్బాలో పదకొండు చూపిస్తంది. మూత తీసినందుకా, ముందే వేడెక్కిందా?"

"ఫ్రిజ్ నడుస్తందా?"

"ఇప్పుడు నడుస్తంది. బండి ఆన్‌లోనే ఉంది."

"అయితే మూత తీసినందుకే బాబాయ్. ఈ ఎండకి మూత తీస్తే పెరగదా? చార్జింగ్ నేను చూశాను గదా, బ్రహ్మాండంగా ఉంది."

"అంతేనంటావా?"

"అంతే."

ఆ ఫోను ఒక నిమిషం కూడా పట్టలేదు. నా చేతిలో అప్పుడు ఒక ట్రాక్టరు హారన్ ఉంది. నేను మాట్లాడింది డబ్బా గురించి. ఆయన అడిగింది మందు గురించి. ఆయన ఎంత జాగ్రత్త మనిషంటే, సర్వీసులో అనుమానం వస్తే పెట్టెకి పెట్టె మందు పారబోసి సంజాయిషీ రాసుకున్నవాడు. ఆ రోజు కూడా పారబోద్దామనే అనుకున్నాడని తర్వాత పిన్ని చెప్పింది. నేను అంతే అన్నాను కాబట్టి ఆ మందే పొడిచాడు.

జూన్ చివర్లో బండి మూడోసారి మా షెడ్డు ముందు ఆగింది. కోటేశ్వరరావు గారు దిగి, స్టూలు మీద కూర్చుని, ఆ డబ్బా ఊడదీసి పెట్టు ఇంజినీరూ అన్నాడు. అదేంది బాబాయ్ అన్నాను. రెండు మూడు ముక్కల్లో చెప్పాడు. నాగయ్య మందకి పారుడు వచ్చింది. సగానికి పైగా పోయాయి. అదే వారం పక్క ఊళ్ళో ప్రభుత్వం వాళ్ళు టీకా వేసిన మందకి ఏమీ కాలేదు. నాగయ్య ఈపూరు దాకా వచ్చి, ఇంటి ముందు నిలబడి, "నీళ్ళు పొడిచావయ్యా డాక్టరూ" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. కాపరులకి సెల్‌ఫోన్లున్నాయి. గురజాల నుంచి వినుకొండ దాకా వారంలో పేరు మారిపోయింది. నీళ్ళ డాక్టరు.

నేను ఫోనులో చెప్పిన సంగతి వాళ్ళకి చెప్పావా అని అడిగాను. ఎందుకు, సూది నా చేతిలో ఉంది గదా అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాదించడానికి నా దగ్గర 14.2 ఉండేది.

డబ్బా ఊడదీసే ముందు ఒక్కసారి బండి నడిపి చూస్తానన్నాను. ఆ పని మార్చిలోనే చెయ్యాల్సింది. ఆయన నేను ఎక్కనులే అన్నాడు. ఆదిలక్ష్మి గారు ఎక్కింది. మీటరు వైర్లు రెండో బ్యాటరీకి బిగించి, మీటరు ఆవిడ చేతికిచ్చాను. గదికీ డ్రైవరు సీటుకీ మధ్య చిన్న కిటికీ ఉంది. ఆవిడ వెనక మంచం మీద కూర్చుని అంకె చదువుతుంటే నేను కోటప్పకొండ రోడ్డు పట్టాను. లైట్లు ఆపేసే ఉన్నాయి, నా సలహా ప్రకారం.

"పద్నాలుగు."

నాలుగైదు కిలోమీటర్లు పద్నాలుగే. ఇంతకాలం షెడ్డులో నేను చూసిన అంకె. కొండ కనపడేసరికి ఆవిడ గొంతు మారలేదుగానీ అంకె మారింది.

"పదమూడున్నర." కాసేపాగి, "పదమూడు." ఇంకాసేపాగి, "పన్నెండు పాయింటు ఏడు. అక్కడే నిలబడింది."

బండి పక్కకి తీసి, ఇంజిన్ ఆపకుండా కూర్చున్నాను. వైరు ఊడలేదు, బెల్టు జారలేదు. ఎవరో కుళాయిని బకెట్ కంటే కిందికి దించారు.

వెనకనుంచి ఆవిడ నెమ్మదిగా అంది. "ఇప్పుడు లైట్లెయ్యి."

వేశాను.

ఏమీ వినపడలేదు. కిటికీలోంచి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ మీటరు ఒళ్ళో పెట్టుకుని పుస్తకంలో రాస్తోంది. టైము, అంకె, పక్కన ఒక ముక్క. రాయడం అయ్యాక మీటరు నా వైపు తిప్పింది. 14.1.

నా చదువులో ఆ సందర్భానికి పాఠం లేదు. ఆవిడ పుస్తకం మూసి, "ఇంక ఆర్పు నాయనా. పగలు గదా" అంది.

సంగతి తర్వాత రెండు రోజులు కూర్చుని చదివితే తెలిసింది. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్‌ని కంప్యూటర్ నడుపుతుంది. ముందు బ్యాటరీ నిండిందని తెలియగానే డీజిల్ ఆదా కోసం వోల్టేజి తగ్గించేస్తుంది. వెనక ఇంకో బ్యాటరీ ఉందని దానికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. హెడ్‌లైట్లు వేస్తే మాత్రం ఈ బండి కంప్యూటర్, కరెంటు అవసరం ఉందనుకుని వోల్టేజి మళ్ళీ పైకి ఎత్తుతుంది. స్టార్ట్ చేసిన కొత్తలో ముందు బ్యాటరీ కొంచెం ఖాళీగా ఉంటుంది కాబట్టి పద్నాలుగు చూపిస్తుంది. మా షెడ్డు పరీక్ష ఆ రెండు నిమిషాలదే. అంటే ఆ బండి నా ముందు మంచిగా నటించింది, వాళ్ళ ముందు నిజంగా ప్రవర్తించింది. ఉన్న ఒక్క దారి, ఆయన కంటి భయం వల్ల తెరుచుకుని ఉన్న దారి, నేను మూయించాను.

దీనికి మందు డీసీ టు డీసీ చార్జర్ అని చేతిలో పట్టేంత పెట్టె. ముందు నుంచి పన్నెండున్నర వచ్చినా పద్నాలుగు వచ్చినా, వెనక బ్యాటరీకి కావలసినంత ఎత్తుకి అదే పెంచి ఇస్తుంది. తెప్పించి బిగించాను. డబ్బా ఊడదియ్యలేదు. బాబాయ్ వద్దనలేదు, కావాలనీ అనలేదు.

తర్వాత ఒక ఆదివారం నేనొక్కణ్ణే నాగయ్య దగ్గరికి వెళ్ళాను. కారంపూడి అవతల మిరప కోసేసిన చేలో మిగిలిన మంద కట్టి ఉంది. మంద అనడానికి కొంచెం ఆలోచించాల్సినంతే ఉంది. అరవై దగ్గర వయసు మనిషి, తలగుడ్డ చుట్టుకుని, ఒక గొర్రెపిల్ల నోరు తెరిచి చూస్తున్నాడు. నన్ను చూసి, డాక్టరు పంపించాడా అన్నాడు. లేదు, ఆయనకి తెలియదన్నాను. నేను బ్యాటరీ మెకానిక్కునని, మందు చెడిపోయింది నా వల్లేనని చెప్పాను. ఆల్టర్నేటర్, కంప్యూటర్, లైట్లు, అన్నీ తెలుగులో చెప్పడానికి ప్రయత్నించాను. అతను ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విన్నాక అడిగాడు.

"అంటే బండికి అతితెలివయ్యి నా జీవాలు పోయినయ్యంటావు."

"అట్టాంటిదే."

గొర్రెపిల్లని వదిలేసి చేతులు దులుపుకున్నాడు.

"అతితెలివి బండికి కాదులేవయ్యా."

అంతకంటే తిట్టలేదు. మంచినీళ్ళు తాగుతావా అని కూడా అడిగాడు. డాక్టరు గారి మీద ఆ మాట వెనక్కి తీసుకోమని అడుగుదామని వెళ్ళానుగానీ, నేను నిలబడ్డ చోటు అలాంటివి అడగడానికి అనువుగా లేదు. చివరికి అతనే అన్నాడు. "నేను వెనక్కి తీసుకుంటాలే. తీసుకుంటే ఏమయిద్ది? నా నోట్లోంచి పోయి ఎన్ని మందలకి చేరిందో నాకేం ఎరుక."

అతను మాట నిలబెట్టుకున్నాడనే విన్నాను. అతను చెప్పిందీ నిజమైంది. గొర్రెలు చచ్చాయన్న కబురు ఒక్క వారంలో తిరిగింది. ఆల్టర్నేటర్ కబురు ఈపూరు పొలిమేర కూడా దాటలేదు. తర్వాత ఏ మందా ఆయన్ని పిలవలేదు. మందలు ఊళ్ళో లేని రోజున ప్రభుత్వం వాళ్ళు ఊళ్ళో టీకాలు వేసుకుంటూ పోతున్నారు, ఎప్పటిలాగే.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పాలంటే, పని పరంగా అయితే సులువు. ఇప్పుడు రెండో బ్యాటరీ ఉన్న ఏ బండి వచ్చినా షెడ్డులో అంకె చూసి పంపించను. కోటప్పకొండ గుడి దాకా నడుపుతాను, లైట్లు ఆపి ఒకసారి, వేసి ఒకసారి. మా నాన్న దీన్ని నా తీర్థయాత్ర అంటాడు. ఇంకోటి, ఆ బండిలో ఉండే మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా మీటరు సంచిలోంచి తియ్యను. తీస్తే నేను వినడం మానేస్తానని నాకు తెలుసు. వైర్ల గురించి వాళ్ళకి తెలియకపోవచ్చు. ఏ రోజున ఏం జరిగిందో వాళ్ళకి తెలుసు, నాకు తెలియదు. చదువుకున్నవాడు పోగొట్టుకునేది సరిగ్గా ఆ రెండో సంగతే.

పోయిన శివరాత్రికి వారం ముందు పని మీద ఈపూరు వెళ్ళి వాళ్ళింటికి వెళ్ళాను. బండి ఇంటి పక్కనే ఉంది. బాబాయ్ దాన్ని రెండు మూడు రోజులకోసారి బజారు దాకా తిప్పుతాడట, బ్యాటరీలు పాడవకుండా. లైట్లు వేసుకునే తిప్పుతాడట. కూర్చోమన్నాడు. గొర్రెల సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కోటప్పకొండ శివరాత్రి రద్దీలో ఈసారి నరసరావుపేట రోడ్లు ఎట్టా ఉంటాయో మాట్లాడుకున్నాం.

పిన్ని బండి వెనక తలుపు తీసి, డబ్బాలోంచి గిన్నె తెచ్చి, గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చింది. పళ్ళు జివ్వుమన్నాయి.

"బాగా చల్లగా ఉంది పిన్నీ" అన్నాను.

"నాలుగు డిగ్రీలు" అంది. "నువ్వు బిగించిన కాడ్నించి ఒక్క రోజు కూడా తప్పలా. రాస్తానే ఉన్నా."